కళాశాల క్రీడాకారుడికి ఇచ్చిన మాటకు పూచీ ఎవరిది?

2025 జూన్ 6న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఒక రాజీ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. దాని ప్రకారం అమెరికాలోని విశ్వవిద్యాలయాలు తమ తరఫున ఆడే విద్యార్థులకు ఆ ఏడాది జూలై 1 నుంచి నేరుగా డబ్బు చెల్లించవచ్చు. 2016 నుంచి ఆడుతూ, నిబంధనల కారణంగా ఏమీ పొందలేకపోయినవారికి పదేళ్ళ వ్యవధిలో దాదాపు 280 కోట్ల డాలర్లు పరిహారంగా అందాలి. నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధించే నేను ఈ వ్యాజ్యం గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల కళాశాలల్లో కబడ్డీ, ఖో-ఖో, వాలీబాల్ ఆడే పిల్లలకు జరుగుతున్నదానికీ, అక్కడ కోట్ల డాలర్ల మధ్య జరిగినదానికీ మూలంలో ఒకే లోపం ఉందని నాకు అనిపించడమే అందుకు కారణం. రెండు చోట్లా నియమాలన్నీ ఆటగాడి మీదే ఉన్నాయి. అతనికి మాట ఇచ్చి తెచ్చుకున్న సంస్థ మీద మాత్రం ఏ నియమమూ గట్టిగా లేదు.

అమెరికా సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతుల్లో పట్టుకుని, ఒకరినొకరు ఢీకొట్టుకుంటూ ఆడే ఆట అది. మిషిగాన్ విశ్వవిద్యాలయపు మైదానంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఈ కళాశాల ఆటలన్నింటినీ శాసించే సంఘం పేరు ఎన్‌సీఏఏ. అది ప్రభుత్వ సంస్థ కాదు. 1906లో ఏర్పడిన, విద్యాసంస్థలే సభ్యులుగా ఉన్న సంఘం. టీవీ ప్రసార హక్కులు ఈ సంఘం గుప్పిట్లోనే ఉండటం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత, విశ్వవిద్యాలయాలు, వాటి కూటములు తామే చానళ్ళతో బేరం కుదుర్చుకోవడం మొదలైంది; ఆ రాబడి ఏటికేడు పెరుగుతూ పోయింది. చాలా రాష్ట్రాలలో ప్రభుత్వ జీతం తీసుకునేవారందరిలోకీ ఎక్కువ జీతం గవర్నరుదీ కాదు, న్యాయమూర్తిదీ కాదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్‌ది. ఆడే విద్యార్థికి మాత్రం చదువు, వసతి, భోజనం, పుస్తకాలు తప్ప పైసా ముట్టకూడదని నియమం ఉండేది. ఆ ఉపకార వేతనం కూడా భద్రమైనది కాదు. 1973 నుంచి దానిని ఏడాదికోసారి పొడిగించే పద్ధతి పెట్టారు. అంటే ఈ ఏడాది సరిగా ఆడని విద్యార్థిని, లేదా గాయపడిన విద్యార్థిని వచ్చే ఏడాది వదిలించుకునే వీలు కోచ్‌కు దక్కింది. నాలుగేళ్ళకూ ఒకేసారి హామీ ఇచ్చే అవకాశం మళ్ళీ 2012లో గానీ రాలేదు.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలచివేసినది రే డెనిసన్ ఉదంతం. కొలరాడోలోని ఒక చిన్న కళాశాల తరఫున ఆడుతూ 1955లో తలకు దెబ్బ తగిలి అతను చనిపోయాడు. పని చేసే చోట ప్రమాదం జరిగితే కార్మికుడి కుటుంబానికి వచ్చే పరిహారాన్ని తనకూ ఇప్పించమని అతని భార్య న్యాయస్థానానికి వెళ్ళింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు ఆమెకు ఏమీ రాదని తేల్చింది. కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదనీ, అతను ఆ కళాశాల ఉద్యోగి కాడనీ తీర్పు. ఎన్‌సీఏఏ మొదటి కార్యనిర్వాహక సంచాలకుడు వాల్టర్ బయర్స్ కాలంలో ఈ వాదనకే పదును పెట్టారు. ఆడేవాడు విద్యార్థి మాత్రమేనని ప్రతి పత్రంలోనూ రాయించారు. 1974లో టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ వెన్నెముక దెబ్బతిని శరీరం చచ్చుబడిన కెంట్ వాల్‌డ్రెప్‌కు కూడా, సుదీర్ఘ న్యాయపోరాటం తరువాత, 2000లో అదే సమాధానం దొరికింది. పదవీ విరమణ చేసిన తరువాత బయర్స్ తాను నిర్మించిన ఆ వ్యవస్థనే బహిరంగంగా తప్పుపట్టారు. అప్పటికి డెనిసన్ చనిపోయి దాదాపు నలభై ఏళ్ళు.

జీతం ఇవ్వకపోవడం ఒక అన్యాయం. అయితే, మైదానంలో విరిగిన ఎముకకు ఎవరూ పూచీ పడకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయమని నేను నమ్ముతాను.

ఇక శిక్షల సంగతి. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం ఆటగాళ్ళకు రహస్యంగా డబ్బు ముట్టజెప్పిందని తేలడంతో ఎన్‌సీఏఏ 1987లో ఆ జట్టును ఏడాది పొడవునా ఆడకుండా నిషేధించింది. అంత కఠినమైన శిక్ష అంతకు ముందు ఏ ఫుట్‌బాల్ జట్టుకూ పడలేదు. విశ్వవిద్యాలయ పాలకమండలికి అధ్యక్షుడిగా ఉండి, అప్పటికే మాట ఇచ్చిన ఆటగాళ్ళకు చెల్లింపులు కొనసాగించడానికి తాము అంగీకరించామని ఒప్పుకున్న బిల్ క్లెమెంట్స్ అప్పుడు టెక్సాస్ రాష్ట్ర గవర్నరు. 1991 వరకూ ఆ పదవిలోనే కొనసాగారు. ఆటగాళ్ళు మాత్రం ఆట లేక, చదువు మధ్యలో సంచులు సర్దుకుని వేరే విశ్వవిద్యాలయాలు వెతుక్కోవలసి వచ్చింది. డబ్బు ఇవ్వడం తప్పని అనుకున్నా, ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ పడిన శిక్షలలో ఇంత తేడా ఉండవలసింది కాదు.

ఈ కట్టడిని చివరికి సడలించినవి న్యాయస్థానాలు, ఒక రాష్ట్ర శాసనసభ. తన బొమ్మను వీడియో గేమ్‌లో వాడుకుని తనకు ఏమీ ఇవ్వలేదని మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో దావా వేశాడు. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా చేసిన చట్టం, విద్యార్థి తన పేరును, రూపాన్ని ప్రకటనలకు వాడుకోనిచ్చి సంపాదించుకుంటే కళాశాల అడ్డుపడరాదని చెప్పింది. ఇతర రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2021 జూన్ 21న, మాజీ ఆటగాడు ఆల్‌స్టన్ పేరు మీద నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన ప్రయోజనాల వరకే పరిమితమైనా, తనకు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదన్న ఆ సంఘపు ధీమా అక్కడితో పోయింది. పది రోజుల్లోపే, జూలై 1 నుంచి, ప్రకటనల ఆదాయానికి ఎన్‌సీఏఏ తలుపులు తెరిచింది.

2025 నాటి రాజీ ఒప్పందం ఇంకొక అడుగు ముందుకు వేసింది గానీ, నాకు అందులో పూర్తి సంతృప్తి లేదు. ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్ళందరికీ కలిపి మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు, అంటే మన లెక్కలో 170 కోట్ల రూపాయలకు పైగా, చెల్లించవచ్చు; అంతకు మించి ఇవ్వకూడదు. బయటివారితో 600 డాలర్లు మించిన ఒప్పందం కుదిరితే విద్యార్థి దానిని నమోదు చేయించి, అది నిజమైన ప్రకటన ఒప్పందమేనని అనిపించుకోవాలి. దీనిని చూసుకోవడానికి కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ అనే కొత్త సంస్థ పుట్టింది. అమెరికాలో వృత్తి క్రీడల లీగులలో కూడా జీతాలకు గరిష్ఠ పరిమితులు ఉన్నాయి. కానీ అక్కడ ఆటగాళ్ళ సంఘం ఎదురుగా కూర్చుని బేరమాడి ఒప్పుకున్న పరిమితులు అవి. కళాశాల ఆటగాళ్ళకు అలాంటి సంఘం లేదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు 2014లో సంఘం పెట్టుకోవడానికి ప్రయత్నిస్తే, మరుసటి ఏడాది జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ విషయంలో కలగజేసుకోవడానికి నిరాకరించింది. డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు 2024 మార్చిలో 13-2 ఓట్లతో సంఘాన్ని ఎన్నుకున్నారు. ఆ ఏడాది చివరి రోజున తమ దరఖాస్తును వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

ఈ విషయంలో అమెరికా ప్రభుత్వం పట్టిన దారి ఏమిటి? 2025 జూలైలో అమెరికా ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టిన స్కోర్ చట్టం బిల్లు, ఎన్‌సీఏఏకు గుత్తాధిపత్య వ్యాజ్యాల నుంచి రక్షణ కల్పించాలనీ, ఆటగాళ్ళను ఉద్యోగులుగా గుర్తించరాదనీ, రాష్ట్రాల చట్టాలన్నింటినీ ఇది తోసిరాజనాలనీ ప్రతిపాదించింది. అదే నెల 24న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు, కేవలం ఆడినందుకు బయటివారు ఇచ్చే డబ్బును ఆపాలనీ, మహిళల ఆటలకూ ఒలింపిక్ ఆటలకూ ఇచ్చే ఉపకార వేతనాలను కాపాడాలనీ చెప్పింది. రాష్ట్రానికొక చట్టం ఉంటే గందరగోళమన్న వాదనలో నిజం ఉంది. ఒక విద్యార్థి ఏటా జట్టు మారుతూ పోతే అతని చదువు కుంటుపడుతుందన్నదీ నిజమే. అయినా, ఆటగాడికి సంఘం పెట్టుకునే హక్కు లేకుండా చేస్తూ, అతని ఆదాయానికి పరిమితి విధించే ఎన్‌సీఏఏకు చట్టపు కవచం తొడగడం న్యాయం కాదు. పరిమితి కావాలంటే బేరం ఉండాలి; బేరం వద్దంటే మార్కెట్టు ఉండాలి. రెండూ లేకుండా చేసిన పాత ఏర్పాటు ఎవరిని కాపాడిందో డెనిసన్ భార్యకు తెలుసు.

మహిళల ప్రశ్న కూడా తేలలేదు. పరిహారంలో అత్యధిక భాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే వెళ్ళేలా లెక్క కట్టినందున, చదువులో స్త్రీపురుష వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టానికి ఇది విరుద్ధమని ఎనిమిది మంది క్రీడాకారిణులు అప్పీలు చేశారు.

మన ప్రాంతపు పాఠకులకు సులభంగా అర్థమయ్యే విషయం ఇంకొకటి ఉంది. మిర్యాలగూడ నుంచి, సూర్యాపేట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి ఎఫ్-1 వీసా మీద అమెరికా వెళ్ళిన పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆ వీసా షరతులు తెలుసు; చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, బయట పని అనుమతి లేనిదే చేయకూడదు. అదే వీసా మీద ఆడే విదేశీ క్రీడాకారులకు ఈ కొత్త ఆదాయం చాలా వరకు అందని పండే. పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి ఆడిన కెనడా యువకుడు జాక్ ఈడీ దేశంలోనే ఉత్తమ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాడిగా పేరు తెచ్చుకున్నప్పటికీ, పక్కన ఆడే అమెరికన్ విద్యార్థులలాగా సంపాదించుకోలేకపోయాడు. ఒకే జట్టులో, ఒకే చెమటకు రెండు లెక్కలు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ టీవీ డబ్బు లేదు, లక్ష మంది పట్టే మైదానాలూ లేవు. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం అనుబంధ కళాశాలల నుంచి జట్లను ఎంపిక చేసి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పంపుతాయి. ఆడినవారికి దక్కేది ప్రయాణపు ఖర్చు, ఒక ట్రాక్ సూట్, ఒక ధ్రువపత్రం. అయినా ఇక్కడ కూడా ఆటగాళ్ళ కోసం వెతుకులాట ఉంది. సంక్రాంతికి ఊళ్ళలో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలకు కళాశాలల వ్యాయామ అధ్యాపకులు, మనం పీడీ సార్లని పిలిచేవారు, వచ్చి ఇంటర్ చదివే పిల్లలను చూసుకుని పోతారు. ఇందులో తప్పేమీ లేదు. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు తండాలలో, పల్లెలలో పుట్టి, లేకపోతే ఇంటర్‌తో చదువు ఆపేసే పిల్లలు ఎందరో ఈ దారిలోనే డిగ్రీ చదివారు. ఆ పీడీ సార్లలో చాలామంది తమ జేబులోంచి పిల్లలకు బూట్లు కొనిచ్చినవారు.

చిక్కంతా ఆ మాట నోటిమాటగానే ఉండటంలో ఉంది. నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి చెల్లెలు మంచి కబడ్డీ క్రీడాకారిణి. తండ్రి హైదరాబాదులో ఆటో నడుపుతారు. ఒక ప్రైవేటు కళాశాల వారు ఇంటికి వచ్చి, "మీ బిడ్డను మాకు అప్పజెప్పుండ్రి, హాస్టలు, పరీక్ష ఫీజు అన్నీ మేమే చూసుకుంటం" అని చెబితే ఆయన సంతోషంగా పంపారు. మొదటి ఏడాది ఆ మాట నిలబడింది. రెండో ఏడాది ఆటలో ఆమె మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్సకు కుటుంబం అప్పు చేసింది. ఆమె ఇక ఆ ఏడాది ఆడలేదని తెలిసిన తరువాత, హాస్టలు బకాయి కట్టమని కళాశాల అడిగింది, అదీ మొదటి ఏడాదితో కలిపి. వేరే కళాశాలలో చేరదామంటే ఇంటర్ మెమో, టీసీ వారి బీరువాలోనే ఉన్నాయి. అన్న వెళ్ళి అడిగితే, ఉచితమని ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది అన్నారు. రాసి ఉన్నది ఎక్కడా లేదు. చివరికి మళ్ళీ అప్పు తెచ్చి బకాయి కట్టి కాగితాలు తెచ్చుకున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది.

ధ్రువపత్రాల అసలు ప్రతులను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయిన మన రాష్ట్రంలో ఆ ఆదేశం ఎంతవరకు అమలవుతోందో ప్రతి తల్లిదండ్రులకూ అనుభవమే. కళాశాలల ఇబ్బందిని నేను కాదనను; ప్రభుత్వం ఇవ్వవలసింది ఇవ్వకపోతే అధ్యాపకుల జీతాలే ఆగుతాయి. ఆ భారం మోకాలు విరిగిన పిల్ల మీద పడటమే నేను ఒప్పుకోలేనిది. అమెరికాలో ఏడాదికోసారి పొడిగించే ఉపకార వేతనం చేసిన పనినే ఇక్కడ రాతలో లేని మాట చేసింది.

మన ప్రభుత్వాలు ఆటగాళ్ళను పట్టించుకోవడం లేదని అనడం సరికాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా బిడ్డ దీప్తి జీవాంజికి కోటి రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించారు. వారు దానికి నూటికి నూరుపాళ్ళూ అర్హులు. అయితే ఇదంతా పతకం వచ్చిన తరువాత అందే ఆదరణ. పతకానికి దారితీసే ఏళ్ళలో, పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్య, కళాశాల జట్టులో ఉన్న వందలాది మందికి అండ ఏదీ లేదు. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం క్రీడా సంఘాల కార్యవర్గాలలో క్రీడాకారులకు చోటు కల్పించింది, వివాదాల కోసం జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌ను ఏర్పరచింది. మంచి చట్టమే గానీ, దాని దృష్టంతా జాతీయ స్థాయి సమాఖ్యల మీద ఉంది. హాస్టలు బకాయి గురించి ఒక డిగ్రీ విద్యార్థిని దాకా ఆ ట్రిబ్యునల్ చేయి చాపుతుందని నేను ఆశించలేను.

దీనికి ఢిల్లీ దాకా పోనవసరమూ లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో క్రీడలు రాష్ట్ర జాబితాలోనివి, 33వ అంశం. కళాశాలకు అనుబంధ హోదా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఆటగాడిగా చేర్చుకునే ప్రతి విద్యార్థికీ ప్రిన్సిపాల్ సంతకంతో తెలుగులో ఒక పత్రం ఇవ్వాలనీ, దాని ప్రతి ఒకటి విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో ఉండాలనీ అనుబంధ షరతులలో చేరిస్తే చాలు. ఏ ఫీజు మాఫీ, ఎన్నేళ్ళు, హాస్టలు ఎవరిది అన్నవి ఆ పత్రంలో ఉండాలి. గాయపడినా డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ హామీ రద్దు కాదని ఉండాలి. కళాశాల తరఫున ఆడుతూ తగిలిన గాయానికి వైద్యం ఖర్చు కళాశాలదేనని, అందుకు జట్టు మొత్తానికి బీమా చేయించాలని ఉండాలి. ఈ చివరి షరతు గురించి నేను ఎంత మాత్రం రాజీపడను. విద్యార్థి వేరే కళాశాలకు పోదలచుకుంటే అతనికి శిక్ష ఏదీ ఉండకూడదు. ఫిర్యాదు వస్తే విచారించడానికి జిల్లా యువజన, క్రీడల అధికారి ఉన్నారు. ఆయనకు గడువుతో కూడిన అధికారం ఇవ్వాలి.

ఇలా రాతలో పెట్టమంటే కళాశాలలు ఆటగాళ్ళను తీసుకోవడమే మానేస్తాయని ఒక వ్యాయామ అధ్యాపక మిత్రుడు నాతో వాదించారు. ఆయన అనుభవం ముందు నా చదువు చిన్నదే. అయినా, విశ్వవిద్యాలయ స్థాయిలో గెలిచిన జట్టు ఫొటోను ప్రవేశాల కాలంలో ఫ్లెక్సీల మీద, కరపత్రాల మీద వేసుకోని కళాశాల మన జిల్లాలో అరుదు. ఆ గెలుపు వల్ల తనకు లాభం ఉందని కళాశాలకు తెలుసు కాబట్టే పల్లెల దాకా వచ్చి వెతుకుతోంది. పదిహేను మంది పిల్లలకు బీమా కట్టించలేక ఆ లాభాన్ని వదులుకుంటుందని నేను అనుకోను. ఒకవేళ నిలబెట్టుకోలేని మాటలు ఇచ్చే కళాశాలలు నిజంగానే వెనక్కు తగ్గితే, ఆ పిల్లలు మొదటి నుంచే ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరతారు. అక్కడ కనీసం ఎవరి కాగితాలూ బీరువాలో బందీ కావు.

డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ ప్రకటన ఏటా వేసవిలో వెలువడుతుంది. మన రెండు విశ్వవిద్యాలయాలూ అంతకు ముందే ఈ పత్రం నమూనాను ఖరారు చేసి తమ కళాశాలలన్నింటికీ పంపితే, వచ్చే విద్యా సంవత్సరంలో చేరే ఆటగాళ్ళకే ఇది వర్తిస్తుంది. నమూనా రాసిపెట్టడానికి న్యాయశాస్త్రం తెలిసిన సహోద్యోగులు ఇద్దరు, నేను సిద్ధంగా ఉన్నాము. ఇందులో ఏమి ఉండాలో తమ అనుభవంతో చెప్పగలిగిన ఆటగాళ్ళు, తల్లిదండ్రులు, పీడీ సార్లు నాకు రాయవలసిందిగా కోరుతున్నాను.